అత్త నీళ్లు తగ్గించిన వానాకాలం

మా లెట్రిన్ గుంత కూలిన సంగతి మొదట చూసింది మా అత్త. ఆషాఢంలో మూడు రోజులు తెరిపి లేకుండా వాన పడి, నాలుగో రోజు పొద్దున కాస్త వెలుతురు వచ్చింది. నేను పొయ్యి మీద అన్నం పెట్టి టిఫిన్ డబ్బాలు కడుగుతున్నాను. అత్త వంటింటి గడప దగ్గరికి వచ్చి, తడిసిన చీర అంచు చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడింది.

"పిల్లా, దొడ్డి దిగబడ్డది" అంది.

వెళ్లి చూస్తే గుంత మీది సిమెంటు పలక ఒక పక్కకి ఒరిగి లోపలికి జారిపోయింది. దాని చుట్టూ నేల మంచమంత మేర కుంగింది. లెట్రిన్ వెనక గోడ నడిమికి పగిలి, ఆ సందులోంచి పక్కనున్న పత్తిచేను కనబడుతోంది. రేకు తలుపు వంకరపోయింది. లోపలి నుంచి బయటికి అత్త తడికాళ్ల గుర్తులు ఇంకా ఆరలేదు. అంటే అప్పుడే, పావుగంట కింద, ఆమె లోపలే ఉంది. ఆ మాట ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు ముందుగా వచ్చిన ఆలోచన, ఇది ఇప్పుడే ఎందుకు కూలాలి అని.

మేముండేది ఇచ్చోడలో, హైవే నుంచి కాస్త లోపలికి. మా ఆయన ఇచ్చోడ నుంచి బోథ్‌కి ఆటో తోలుతాడు. నేను బస్టాండు పక్కన జిరాక్సు దుకాణంలో పని చేస్తాను, ఊళ్లో వాళ్లకి దరఖాస్తులు నింపి పెడతాను. మాకు ఒక్కతే కూతురు. ఆ ఏడే పదో తరగతి మంచి మార్కులతో పాసై ఆదిలాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ చేరింది, రోజూ బస్సులో పోయి వస్తుంది. నాలుగో మనిషి మా అత్త. మొగుడు పోయాక పత్తిచేన్లలో కూలికి పోయి ఇద్దరు కొడుకుల్ని పెంచిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి కింద కూర్చోలేదు. లెట్రిన్‌లో ఆమె కోసం నడుమ రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ వేసి పెట్టాం.

సాయంత్రానికి మా ఆయన ఒక సుతారిని వెంటపెట్టుకొచ్చాడు. పెద్ద వయసు మేస్త్రి. గుంత చుట్టూ తిరిగి, కర్ర లోపలికి దింపి చూసి, నా వైపు తిరిగాడు.

"ఎన్ని రింగులు ఏసిండ్రమ్మా ఇండ్ల?"

"పది అన్నరు."

"ఐదే ఉన్నయి. కింద అంత మట్టే. నల్లరేగడి నానినంక ఉబ్బుతది, ఆరినంక పగుల్తది. ఐదు రింగులు ఏడాగుతయి?"

కట్టినవాడు పది సిమెంటు రింగులకు డబ్బులు తీసుకుని ఐదు వేసి పోయాడు. పదేళ్ల పాటు ఆ సంగతి భూమిలోనే ఉండిపోయింది. మేస్త్రి చెప్పింది ఇది: పాత గుంత పనికిరాదు. దాన్ని పూడ్చి పక్కన కొత్తది తవ్వాలి, చుట్టూ నానినా ఉబ్బని మొరం మట్టి నింపాలి, వెనక గోడ మళ్లీ లేపాలి. ముప్పై వేలకు తగ్గదు.

"వాన జర తెరిపిచ్చేటట్టున్నది. ఎల్లుండి నుంచి నాకు వారం ఖాళీ. మొదలువెడ్తే ఐదు దినాలల్ల అయిపోతది. మళ్ల వాన వట్టిందంటే నన్ను పిలువకుండ్రి. తడి మీద తవ్వితే మీ ఇంటి గోడ సుత కూలుతది."

ముప్పై వేలు ఇంట్లో ఉన్నాయి. రెండేళ్లు చీటీ కట్టి ఎత్తిన డబ్బులు, కాలేజీ ఫీజు కోసం బియ్యం డబ్బాలో పెట్టినవి. ఫీజు కట్టడానికి ఇంకా ఆరు రోజులే గడువు ఉంది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మా ఆయన అన్నాడు. "ముందు గుంత చేపిద్దాం. కాలేజోల్లను పదిహేను దినాలు ఆగుమందాం."

"ఆగరు. పోయినేడు గడువు దాటిందని ఇద్దరు పిల్లలను క్లాసు బయట నిలవెట్టిండ్రట. మన పిల్లను గట్ల నిలవెడ్తే అది మళ్ల పోతదా?"

"మరి అవ్వ?"

నేను అత్త వైపు చూశాను. ఆమె మజ్జిగ పోసుకుంటోంది. తల ఎత్తకుండానే, "పిల్ల ఫీజు కట్టుండ్రి. నాకేంది, పది దినాలు ఎట్లనన్న ఎల్లదీస్త" అంది.

ఆమె ఒప్పుకుంది కదా అని నేను ఇప్పటికీ అనుకోవాలని చూస్తుంటాను. కానీ ఆమె ముందు ఆ మాట మాట్లాడినప్పుడే ఆమెకు ఇంకో జవాబు లేకుండా చేశాను. పది రోజుల్లో పొదుపు సంఘంలో అప్పు వస్తుంది, అప్పుడు గుంత పని పెట్టిద్దాం అన్నాను. మా ఆయన సరేనన్నాడు. మర్నాడు నేనే దుకాణానికి సెలవు పెట్టి ఆదిలాబాద్ వెళ్లి ఫీజు కట్టి రసీదు తెచ్చుకున్నాను. తిరిగొచ్చే బస్సులో నా మనసు తేలిగ్గానే ఉంది.

మేస్త్రి ఇంకో పనికి వెళ్లిపోయాడు. వారం పాటు ఎండ కాసింది. ఎనిమిదో రోజు నుంచి మళ్లీ వాన మొదలై శ్రావణమంతా పడింది. సంఘం అప్పు మంజూరైనా గుంత తవ్వే మనిషి దొరకలేదు. ఇద్దరు వచ్చి చూసి, నేల మీద కాలు పెట్టి, పాదం దిగబడగానే వెనక్కి పోయారు. మూడో వాడు అడ్వాన్సు తీసుకుని మళ్లీ కనబడలేదు.

ఆ నలభై రోజులు మా ముగ్గురికీ ఏదో ఒక దారి దొరికింది. మా ఆయన మగవాడు, ఆటో ఎక్కడ ఆపుకున్నా నడుస్తుంది. పిల్లకి కాలేజీ ఉంది. నాకు దుకాణం వెనక ఓనరు ఇంటి లెట్రిన్ ఉంది. పొద్దున పూట మాత్రం నేనూ పిల్లా పక్కింటికి పోయేవాళ్లం. రోజంతా ఇంటి దగ్గర ఉండేది అత్త ఒక్కతే.

పక్కిల్లు మా బావది, అంటే మా ఆయన అన్నది. ఆయన గల్ఫ్‌లో ఉంటాడు. ఆ డబ్బుతో కట్టిన రెండంతస్తుల ఇంట్లో మా తోటికోడలు ఇద్దరు పిల్లలతో ఉంటుంది. అన్నదమ్ములు వేరు పడినప్పుడు అత్త మా దగ్గరికి వచ్చింది. అప్పుడు జాగా దగ్గర మాటా మాటా పెరిగి, మా తోటికోడలు "నీకు చిన్న కొడుకే కొడుకు, మేం కాము" అంది. అత్త రెండేళ్లు ఆ గడప తొక్కలేదు. తర్వాత మాటలు కలిసినా ఆ ఇంట్లో చాయ కూడా తాగేది కాదు. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు ఆ ఇంటికే పోవలసి వచ్చింది.

మొదటి రోజు నేనే వెంట తీసుకుపోయాను. మా తోటికోడలు ఎదురొచ్చి, "అయ్యో, అడుగుడేంది చెల్లె, మన ఇల్లే గద" అంది. నిజంగానే అంది. ఆ ఇంట్లో లెట్రిన్ పడకగదిలో ఉంది. అత్త హాలు దాటి, టైల్స్ మీద తడికాళ్లతో జారకుండా గోడ పట్టుకుంటూ, మంచం పక్క నుంచి లోపలికి వెళ్లాలి. హాల్లో పిల్లలు టీవీ చూస్తుంటారు. ఆమె లోపలున్నంతసేపూ పెద్దకోడలు బయట ఉంటుంది. తిరిగొస్తుంటే గోడ మీద ఆమె చేతి తడి కనబడేది.

వారం గడిచాక మా తోటికోడలు నన్ను గేటు దగ్గర ఆపింది. "చెల్లె, అత్తకు జర చెప్పు, నీళ్లు బాగ పొయ్యుమను. నాకు చెప్పబుద్ధి అయితలేదు." నేను చెప్పాను. ఇంకో వారానికి, "టైల్స్ మీద బురద అయితంది, గేటు కాడ కాళ్లు కడుక్కొని రమ్మను" అంది. అదీ చెప్పాను. ఆమె మార్కెట్‌కో పుట్టింటికో పోయినప్పుడు పడకగదికి తాళం వేసుకుని పోయేది. బీరువా అక్కడే ఉంటుంది, ఎవరైనా వేసుకుంటారు. మూడో వారం వాళ్ల సెప్టిక్ ట్యాంకే నిండి బండి పిలిపించాల్సి వచ్చింది. దానికెంతయిందో నాకు చెప్పి, "అడుగుతలేను, ఊకె చెప్తున్న" అంది. ఆమెను చెడ్డదని రాయడానికి కూర్చుంటే నాకు కలం సాగదు. ఆమె స్థానంలో నేనుంటే అంతకన్నా ముందే మొహం మాడ్చుకునేదాన్ని.

అత్తకు ఇవన్నీ చెప్పింది నేనే. "అక్క గిట్ల అన్నది" అని ప్రతిసారీ.

అప్పుడే ఆమె నీళ్లు తగ్గించింది. నేను చూడలేదని అనను. పొద్దున దుకాణానికి పోతూ ఆమె మంచం పక్కన చెంబు నింపి పెట్టేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి చెంబు అలాగే ఉండేది. ఆ నీళ్లు తీసుకెళ్లి మందారం మొదట్లో పోసేదాన్ని. చాయ సగం వదిలేసేది. చాలా ఇష్టంగా తాగే మజ్జిగ వద్దనేది. "జలుబు చేస్తది" అనేది. ఓ రోజు, "దినాం నాలుగుసార్లు పోతుండె, ఇప్పుడు రెండుసార్లే పోతున్న" అని నాతో అంది. ఏదో నేర్చుకున్నట్టు చెప్పింది. నాకు హాయిగా అనిపించింది. గేటు దగ్గర నేను వినాల్సిన మాటలు తగ్గుతాయి అనుకున్నాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

శ్రావణం చివర, పొలాల అమావాస్య నాడు పక్కింటికి మా తోటికోడలి పుట్టింటివాళ్లు వచ్చారు. హాలు నిండా మనుషులు, పడకగదిలో కూడా చిన్నపిల్లల్ని పడుకోబెట్టారు. అత్త మధ్యాహ్నం గేటు దాకా పోయి తిరిగొచ్చింది. కాసేపాగి మళ్లీ పోయి మళ్లీ తిరిగొచ్చింది. నేను బూరెలు చేస్తున్నాను. "పో అత్తా, ఏమనుకుంటరు" అన్నాను, లేచి వెంట మాత్రం పోలేదు. సాయంత్రం చూస్తే దండెం మీద ఆమె చీర, లంగా తడిగా వేలాడుతున్నాయి. పొద్దున స్నానం చేసి కట్టుకున్న చీరే.

"మళ్ల ఎందుకు పిండినవ్ అత్తా?"

"బురదైంది" అంది, నా మొహం చూడకుండా.

బయట ఆరోజు వాన లేదు.

అది జరిగిన నాలుగో రోజు ఆమెకు చలిజ్వరం వచ్చింది. మందుల షాపులో గోలీలు తెచ్చి వేశాం. రెండో రోజు ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. మంచం మీద లేచి కూర్చుని, ఎవరినో చూస్తున్నట్టు చూసి, "తాళం తీసిండ్రా?" అని అడిగింది. పడుకోబెడితే మళ్లీ లేచి, "తాళం తీసిండ్రా బిడ్డా?" అంది. మా ఆయన ఆటోలో పడుకోబెట్టుకుని ఆదిలాబాద్ తీసుకుపోయాడు. ఆమె తల నా ఒళ్లో ఉంది. హైవే మీద గుంతలు వచ్చినప్పుడల్లా మూలిగింది.

ఆస్పత్రిలో మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు, కిడ్నీల దాకా పోయిందన్నారు. మూడో రోజుకు ఆమెకు తెలివి వచ్చాక డాక్టరు మంచం దగ్గర నిలబడి అడిగాడు.

"పెద్దమ్మా, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతవ్?"

"మంచిగనే తాగుతది సార్" అన్నాను నేను. నా నోట్లోంచి ఆ మాట అంత తొందరగా ఎలా వచ్చిందో తెలియదు.

అత్త నా వైపు చూడలేదు. డాక్టరు వైపే చూస్తూ, "తాగితే పోవాలె గద సారూ" అంది.

ఆయనకు అది అర్థమైనట్టు లేదు. "రెండు లీటర్లు తాగాలి, లెక్కపెట్టి తాగించండి" అని నాతో చెప్పి తర్వాతి మంచం దగ్గరికి వెళ్లాడు. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకు అర్థమైంది. బయటికి వెళ్లి గంట సేపు రాలేదు.

మా తోటికోడలు ఆ సాయంత్రమే బస్సులో వచ్చింది. అత్త కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆమె చెప్పగా గల్ఫ్ నుంచి బావ ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఫోన్లోంచి నాకు కూడా వినపడింది.

"అవ్వ ఆస్పత్రిల వడ్డంక చెప్తరార? ముందే ఒక్క మాటంటే నేను పంపకపోదునా?"

"నిన్ను పరేషాన్ చేసుడెందుకని..." అన్నాడు మా ఆయన.

"పరేషానా? ఇప్పుడు అయితలేనా?"

నిజానికి ఆయన్ని అడుగుదామని నేను ఒకసారి అన్నాను, మా ఆయన ఒప్పుకోలేదు. పక్కింటి మేడ చూస్తూ బతికేవాడు అన్నను గుంతకు డబ్బులడగలేడు. నేనూ పట్టుబట్టలేదు. నాకూ అదే పౌరుషం ఉంది. మా ఇద్దరి పౌరుషానికీ కలిపి ఆమె దాహం చంపుకుంది.

ఆస్పత్రికి అయిన డబ్బుతో అలాంటి గుంతలు మూడు తవ్వించవచ్చు. సగం బావ పంపాడు, సగం నా మెడలోది కుదువ పెట్టాం. మేము ఆస్పత్రిలో ఉన్న ఆ రోజుల్లోనే వాన తెరిపిచ్చింది. మా ఆయన పాత మేస్త్రి కాళ్లావేళ్లా పడి తీసుకొచ్చాడు. నాలుగు రోజుల్లో పని పూర్తయింది. పది రింగులు, చుట్టూ మొరం, కొత్త గోడ, అత్త పట్టుకోవడానికి గోడకి ఒక ఇనుప కడ్డీ. ఈసారి రింగులు దించుతుంటే మా ఆయన పక్కనే నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడట. నాలుగు రోజుల పని. నేను ఆ మాట ఇంటి గోడల వైపు తిరిగి ఎన్నిసార్లు అనుకున్నానో.

అత్తను ఇంటికి తెచ్చాక ఆమె ఆ కడ్డీ పట్టుకుని చూసి, "మంచిగైంది" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమెకు తిట్టడం రాక కాదు, చేన్లలో ఆమె నోటికి మగవాళ్లు కూడా భయపడేవారట. అలాగని నన్ను క్షమించినట్టు కూడా లేదు. వండి పెడితే తింటుంది, మాత్ర ఇస్తే మింగుతుంది. ఒక కిడ్నీ సరిగ్గా పని చెయ్యడం లేదని ఆ తర్వాత తేలింది. నీళ్ల సీసా నింపి పక్కన పెడతాను. సాయంత్రానికి ఖాళీ అవుతుంది. తాగుతోందా, కిటికీలోంచి పారబోస్తోందా అని నేను కాపలా కాయలేదు.

మా ఆయన నన్ను మొహం మీద ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. కానీ అత్తను చూడటానికి ఆమె తోడబుట్టిన అక్క వచ్చినప్పుడు, వంటింట్లో నేనున్నానని తెలిసీ, "నేను ముందు గుంతే చేపిద్దామన్న, ఇంట్ల మాట సాగలే" అని చెప్పాడు. అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి ఆయన కూడా సరేనన్నాడు. ఫీజు రసీదు చూసి మురిసిపోయాడు. ఆ రోజు నుంచి మా మధ్య ఒక మాట తగ్గింది, అది మళ్లీ రాలేదు.

అత్త వాళ్ల అక్క ఆ మాట విని ఊరుకోలేదు. దసరా సెలవులకు ఇంట్లో ఉన్న నా కూతురిని పట్టుకుని, "నీ సదువు కొరకే గదనే ముసలామె గింత గోసవడ్డది" అంది. ఆమె వెళ్లిపోయాక పిల్ల వంటింట్లోకి వచ్చి నా వెనక నిలబడింది.

"మమ్మీ, దొడ్డి ఆపి నా ఫీజు కట్టుమని నేను అడిగిన్నా?"

"అడగలే."

"మరి అందరు నన్నెందుకంటున్నరు?"

"ఎవలంటున్నరు? నువ్వు ఫికర్ చెయ్యకు. అన్నం తిందువు రా."

"నాకు ఒక్క మాట చెప్తే నేను పదిహేను దినాలు బయట నిలవడకపోదునా? నానమ్మ కంటె అది పెద్దదా?"

నేను గిన్నెలు సర్దుతూ ఉండిపోయాను. పిల్ల తినలేదు. పోయి నానమ్మ మంచం మీద కూర్చుంది. కాసేపటికి చూస్తే ఆమె పాదాలు వత్తుతోంది.

ఇంటర్ మంచి మార్కులతోనే పాసైంది. కోచింగ్‌లో చేర్పిస్తామంటే, అది పెద్ద ఫీజు, నాకు వద్దంది. ఎంత చెప్పినా వినలేదు. ఊరికి దగ్గరలో సర్కారు డిగ్రీ కాలేజీలో తనే పోయి పేరు రాయించుకుంది. ఎవరైనా అడిగితే, ఇంటికి దగ్గరుంటదని వేశాం అంటాను. పక్కనే ఉంటే అది అవునన్నట్టు తలూపుతుంది.